పెద్దనది లేని రేవు: విశాఖపట్నం ఆర్థికాభివృద్ధిలో లోతట్టు నదుల పాత్ర

వ్యాస సంగ్రహం

విశాఖపట్నం అనగానే సముద్రం, రేవు, ఉక్కు కర్మాగారం స్ఫురిస్తాయి, నది స్ఫురించదు. నగరాన్ని ఆనుకొని పెద్దనది ఏదీ లేకపోవడమే ఇందుకు కారణం. అయితే ఈ నగర ఆర్థిక చరిత్రను నీటి వైపు నుండి చదివితే రెండు విషయాలు తెలుస్తాయి. పెద్దనది లేకపోవడం ఇక్కడి రేవుకు అనుకూలించింది. పెద్దనది లేకపోవడమే ఇక్కడి పరిశ్రమకు, జనావాసానికి తీరని కొరతగా మారింది. ఆ కొరతను పూరించడానికి గోస్తనీ, శారద, మేఘాద్రిగెడ్డ, ఏలేరు, గోదావరి వరుసగా నగరం వైపు మళ్ళాయి. మాచ్‌ఖండ్, సీలేరు నదులు విద్యుత్తును ఇచ్చాయి. ఈ క్రమాన్ని వివరించడం, అందులో లాభం ఎవరికి చేరింది, భారం ఎవరిపై పడింది అనే ప్రశ్నను చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: విశాఖపట్నం, రేవు, ఉక్కు కర్మాగారం, గెడ్డ, శారద, ఏలేరు, గోదావరి, నీటి పంపకం.

1. ఉపోద్ఘాతం

నదులకూ ఆర్థికాభివృద్ధికీ ఉన్న సంబంధాన్ని సాధారణంగా మూడు మార్గాల్లో వివరిస్తారు. నది పొలానికి నీరిస్తుంది, సరుకుకు దారి ఇస్తుంది, యంత్రానికి శక్తినిస్తుంది. తెలుగు నేలపై ఈ మూడింటికీ గోదావరి డెల్టాయే తొలి ఉదాహరణగా కనిపిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత అక్కడి కాలువలు సాగునీటితో పాటు పడవల రాకపోకలకూ ఉపయోగపడ్డాయి. కాకినాడ నుండి పుదుచ్చేరి వరకు ఉన్న కాలువలను, గోదావరి, కృష్ణా నదుల్లోని కొన్ని భాగాలను కలిపి 2008లో నాలుగవ జాతీయ జలమార్గంగా ప్రకటించడం ఆ చరిత్రకు కొనసాగింపే.

ఈ నమూనా విశాఖపట్నానికి వర్తించదు. ఇక్కడి నదులు చిన్నవి. తూర్పు కనుమల్లో పుట్టి, కొద్ది దూరం ప్రవహించి సముద్రంలో కలుస్తాయి. వర్షాకాలంలో పొంగి, వేసవిలో ఇసుకలో ఇంకిపోతాయి. వాటిపై సరుకు రవాణా సాధ్యం కాదు. అయినా 1901లో సుమారు 40 వేల జనాభా ఉన్న పట్టణం 2011 నాటికి 17 లక్షలు దాటిన నగరపాలక సంస్థగా విస్తరించింది. పెద్దనది లేనిచోట ఇంతటి పారిశ్రామిక నగరం ఎలా నిలబడింది? ఏ నదుల ఆధారంతో నిలబడింది? ఈ వ్యాసం ఈ రెండు ప్రశ్నలను అనుసరించి సాగుతుంది.

2. గెడ్డ, ఏరు, లోవ, ఆవ: ప్రాంతీయ జల పదజాలం

ఒక ప్రాంతపు నీటి స్వభావం అక్కడి మాటల్లో నిక్షిప్తమై ఉంటుంది. ఉత్తరాంధ్రలో కొండల నుండి దిగివచ్చే వాగును 'గెడ్డ' అంటారు. మేఘాద్రిగెడ్డ, నరవగెడ్డ, పెద్దగెడ్డ, వట్టిగెడ్డ వంటి పేర్లు ఇందుకు ఉదాహరణలు. అంతకంటె పెద్ద ప్రవాహాన్ని 'ఏరు' అంటారు. ఏలేరు, సీలేరు, బొడ్డేరు, పెద్దేరు అనే పేర్లలో ఈ మాట వినిపిస్తుంది. సముద్రపు పోటు లోపలికి చొచ్చుకువచ్చే పాయ 'ఉప్పుటేరు'. కొండల నడుమ పల్లపు ప్రదేశం 'లోవ'; విశాఖ నగరపు పాత నీటి వనరుల్లో ఒకటైన ముడసర్లోవ పేరు అలా ఏర్పడినదే. నీరు నిలిచే విశాలమైన పల్లం 'ఆవ'; అచ్యుతాపురం సమీపంలోని కొండకర్ల ఆవ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఈ పదాల్లో 'గెడ్డ' అనే మాటకు నగరంలో కలిగిన అర్థపరిణామం గమనార్హం. గ్రామీణ వ్యవహారంలో గెడ్డ అంటే ఊరికి నీరిచ్చే వాగు. నేటి విశాఖ నగర వ్యవహారంలో గెడ్డ అంటే వాననీటితో పాటు మురుగును మోసే పెద్ద కాలువ. వాగు మురుగుకాలువగా మారిన తీరును ఈ ఒక్క మాట నమోదు చేసింది. అర్థాపకర్షకు ఇది భాషాశాస్త్రపరమైన ఉదాహరణ మాత్రమే కాదు. తన దగ్గరి నీటిని పోగొట్టుకొని దూరపు నీటి కోసం నగరం చేతులు చాచిన చరిత్రకు అది సంగ్రహరూపం కూడా.

3. నదీముఖ రేవులు, విశాఖ రేవు

తెలుగు తీరంలోని పాత రేవుల్లో అనేకం నదీముఖాల వద్ద లేదా వాటి సమీపంలో వెలిశాయి. గోదావరి ముఖద్వారం వద్ద కోరంగి, కృష్ణా డెల్టా అంచున మచిలీపట్నం, వంశధార సంగమం వద్ద కళింగపట్నం, గోస్తనీ సంగమం వద్ద భీమునిపట్నం ప్రధానమైనవి. నది వెంట సరుకు తీరానికి చేరుతుంది. నదీముఖంలో ఓడలకు కొంత రక్షణ లభిస్తుంది. అందుకే డచ్చి వర్తకులు 17వ శతాబ్దంలో భీమునిపట్నంలో స్థావరం ఏర్పరచుకున్నారు.

కాని నది నీటితో పాటు మట్టిని కూడా తెస్తుంది. పెద్దనది మోసుకువచ్చే ఒండ్రు ముఖద్వారంలో మేట వేస్తుంది. ఓడల పరిమాణం పెరిగిన కొద్దీ ఈ మేట రేవుకు అడ్డుగా నిలుస్తుంది. నౌకానిర్మాణానికి పేరుపొందిన కోరంగి క్షీణించడానికి 1839 నాటి తుపానుతో పాటు ఒండ్రు మేటలు కూడా కారణమయ్యాయి. హుగ్లీ నదిపై ఉన్న కలకత్తా రేవుదీ ఇదే సమస్య. హుగ్లీలోకి అదనపు నీటిని మళ్ళించి మేటలను తొలగించాలన్న ఉద్దేశంతో నిర్మించిన ఫరక్కా బ్యారేజి 1975లో పనిచేయడం ప్రారంభించింది. ఒక రేవును కాపాడుకోవడానికి ఒక మహానది ప్రవాహాన్నే మళ్ళించవలసి వచ్చిందన్నమాట.

విశాఖపట్నానికి ఈ చిక్కు తక్కువ. డాల్ఫిన్స్ నోస్ కొండ అండన సముద్రం నుండి లోపలికి చొచ్చుకువచ్చిన ఉప్పుటేరు, దాని వెనుక మేఘాద్రిగెడ్డ వచ్చి కలిసే బురద నేలలు ఇక్కడ ఉండేవి. ఆ నేలలను తవ్వి అంతర నౌకాశ్రయాన్ని నిర్మించారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ తొలిసారిగా ఈ నౌకాశ్రయంలో ప్రవేశించింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ దీనిని లాంఛనంగా ప్రారంభించారు. చిన్న గెడ్డ ఏర్పరచిన పల్లం రేవుకు చోటిచ్చింది. అది చిన్న గెడ్డే కావడం వల్ల రేవును పూడ్చివేసేంత ఒండ్రు రాలేదు. ఇక్కడి ప్రధాన సమస్య నది తెచ్చే ఒండ్రు కాదు, తీరం వెంబడి దక్షిణం నుండి ఉత్తరానికి కదిలే సముద్రపు ఇసుక. దానిని తవ్వి తీసి, నగర తీరంలో కోతకు గురయ్యే చోట పోసే పద్ధతిని రేవు అధికారులు అనుసరిస్తూ వచ్చారు.

నది లేని రేవుకు సరుకు ఎలా వస్తుంది? దీనికి సమాధానం రైలుమార్గం. 1930 దశకం ఆరంభానికి రాయ్‌పూర్, విజయనగరం మధ్య రైలుమార్గం పూర్తికావడంతో మధ్య పరగణాల మాంగనీసు ఖనిజం విశాఖకు చేరడం సులభమైంది. 1960 దశకంలో నిర్మించిన కొత్తవలస, కిరండూల్ మార్గం బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు తెచ్చింది. పెద్ద ఓడల కోసం బాహ్య నౌకాశ్రయం 1976లో వినియోగంలోకి వచ్చింది. ఇతర రేవులకు పృష్ఠభూమిని నదులు సమకూర్చగా, విశాఖకు ఆ పనిని రైలుమార్గాలు చేశాయి. కిరండూల్ మార్గం గోస్తనీ నది ప్రవహించే బొర్రా గుహల ప్రాంతం మీదుగా అనంతగిరి కొండలను ఎక్కుతుంది. పడవను మోయలేని నది పుట్టిన కొండల మీదుగానే రైలు దారి చేసుకుంది.

4. తూర్పువాలు నదులు: పొలం, బెల్లం, పట్టణం

అనంతగిరి, మాడుగుల కొండల తూర్పువాలు నుండి దిగే నదుల్లో గోస్తనీ, శారద ముఖ్యమైనవి. వీటికి దక్షిణాన వరాహ, తాండవ నదులు ఉన్నాయి. ఈ నదీలోయలే విశాఖ మైదాన ప్రాంతపు వ్యవసాయాధారిత ఆర్థికవ్యవస్థకు పునాది.

శారదా నది లోయ ఇందుకు చక్కని నిదర్శనం. బొడ్డేరు, పెద్దేరు వంటి ఉపనదులను కలుపుకొని శారద అనకాపల్లి మీదుగా సముద్రానికి చేరుతుంది. చెరుకు దాదాపు ఏడాది పాటు నేలలో ఉండే పంట. ఏడాది పొడవునా కొంతైనా నీరు, లేదా నదీగర్భపు తేమతో నిండే బావులు లేనిచోట అది నిలవదు. శారద లోయ ఈ రెండింటినీ ఇవ్వగలిగింది. అందువల్లనే అనకాపల్లి దేశంలోని అతిపెద్ద బెల్లం విపణులలో ఒకటిగా ఎదిగింది. అక్కడి చెరుకు పరిశోధనా కేంద్రం 1913 నాటిది. గోవాడ, తుమ్మపాల, ఏటికొప్పాక, పాయకరావుపేటలలో చక్కెర కర్మాగారాలు వెలిశాయి. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మలకు కూడా ప్రసిద్ధి చెందింది. లక్క పూసిన ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది.

ఈ ఆర్థికవ్యవస్థలో ఒక ప్రత్యేకత ఉంది. గానుగ, బెల్లపు పొయ్యి, బండి, కమీషను దుకాణం, సంత వంటి జీవనోపాధులన్నీ నదికి దగ్గరలోనే ఏర్పడ్డాయి. నీరు ఎక్కడ పారిందో ఆదాయం కూడా చాలావరకు అక్కడే తిరిగింది. తరువాతి కాలంలో నగరం వైపు మళ్ళిన నీటి విషయంలో ఈ సూత్రం వర్తించలేదు. ఈ భేదమే ముందు విభాగాల్లో చర్చకు వచ్చే పంపకం సమస్యకు మూలం.

గోస్తనీ నది ఈ రెండు దశలకూ మధ్య నిలిచింది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా ప్రవహించి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలిసే ఈ నదిపై 1960 దశకంలో తాటిపూడి జలాశయం నిర్మితమైంది. గంట్యాడ మండలంలోని ఈ జలాశయం విజయనగరం ప్రాంతపు పొలాలకు సాగునీటిని ఇస్తూనే విశాఖ నగరానికి తాగునీటిని పంపింది. దేవరాపల్లి సమీపంలో శారదా నదిపై కట్టిన రైవాడ జలాశయం కూడా ఇలాగే పొలానికీ నగరానికీ ఉమ్మడి ఆధారమైంది. పెందుర్తి ప్రాంతంలోని మేఘాద్రిగెడ్డ జలాశయం నగరానికి అతి సమీపంలోని వనరుగా నిలిచింది.

5. పడమటి వాలు: విద్యుత్తునిచ్చిన నదులు

ఈ కొండలకు మరొక వాలు కూడా ఉంది. మాడుగుల కొండల్లో పుట్టే మాచ్‌ఖండ్ నది సముద్రం దగ్గరలోనే ఉన్నా అటు రాదు. ఉత్తరంగా ఒడిశా సరిహద్దు వెంబడి ప్రవహించి, డుడుమ జలపాతం వద్ద లోతైన లోయలోకి దూకి, దక్షిణానికి తిరిగి సీలేరు అనే పేరుతో సాగుతుంది. తరువాత శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద గోదావరిలో చేరుతుంది.

ఈ పతనాన్ని ఆధారం చేసుకొని ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాల ఉమ్మడి పథకంగా మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఏర్పడింది. అక్కడ 1955లో ఉత్పత్తి ప్రారంభమైంది. ఆ కాలం విశాఖ పారిశ్రామికీకరణలో కీలకమైనది. 1941లో సింధియా సంస్థ శంకుస్థాపన చేసిన నౌకా నిర్మాణ కేంద్రం నుండి 1948లో 'జల ఉష' ఓడ నీటిలోకి దిగింది. 1957లో చమురుశుద్ధి కర్మాగారం, 1960 దశకంలో భారీ యంత్ర పరికరాల కర్మాగారం, ఎరువుల కర్మాగారం వచ్చాయి. ఈ క్రమానికి కావలసిన విద్యుత్తులో మాచ్‌ఖండ్ వాటా ముఖ్యమైనది. తరువాత ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాలు తోడయ్యాయి. వీటిలో దిగువ సీలేరు కేంద్రం సామర్థ్యం 460 మెగావాట్లు.

మైదానంలో వెలిగిన దీపానికి కొండల్లో చెల్లించిన మూల్యం ఉంది. మాచ్‌ఖండ్ పథకంలో భాగమైన జలాపుట్ జలాశయం కింద గిరిజన గ్రామాలు మునిగాయి. విద్యుత్తు తీగలు తమ కొండల మీదుగా వెళ్ళినా దీర్ఘకాలం పాటు దీపం ఎరగని గూడేలు ఆ పరిసరాల్లోనే ఉండిపోయాయి. నది ఇచ్చిన లాభం ప్రవాహదిశలో దిగువకే చేరిందనడానికి ఇది తొలి ఉదాహరణ.

6. ఉక్కు, ఏలేరు

విశాఖ ఆర్థిక చరిత్రలో ఉక్కు కర్మాగారం ఒక మలుపు. 'విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు' నినాదంతో 1966లో ఉద్యమం సాగింది. 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్‌లో ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు; 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు.

తీరప్రాంతంలో ఉండటం ఈ కర్మాగారానికి పెద్ద అనుకూలత. విదేశీ బొగ్గును ఓడల్లో తెచ్చుకోవచ్చు. ఉక్కును ఓడల్లో పంపవచ్చు. అయితే సముద్రం ఇవ్వలేనిది మంచినీరు. ఉక్కు తయారీలో నీటి అవసరం అడుగడుగునా ఉంటుంది. కొలిమి గోడలను చల్లబరచడానికి, కరిగిన చిట్టెాన్ని గుళికలుగా మార్చడానికి, పోత పోసిన ఉక్కును గట్టిపరచడానికి, ఆవిరితో విద్యుత్తు తయారుచేయడానికి, వాయువులను శుద్ధి చేయడానికి నీరు కావాలి. ఉప్పునీరు లోహపు గొట్టాలను తినివేస్తుంది; ఆవిరియంత్రాల్లో పొరలు కట్టిస్తుంది. కాబట్టి సముద్రం ఒడ్డున ఉన్న కర్మాగారం కూడా నదినే ఆశ్రయించక తప్పలేదు.

అప్పటికే నగరానికి చాలీచాలని శారద, గోస్తనీ, మేఘాద్రిగెడ్డ ఈ అవసరాన్ని తీర్చలేవు. అందుకు ఏలేరు నదిని ఎంచుకున్నారు. నేటి కాకినాడ జిల్లాలోని ఏలేశ్వరం వద్ద నిర్మించిన ఏలేరు జలాశయం నిల్వ సామర్థ్యం సుమారు 24 టి.ఎం.సి.లు. అక్కడి నుండి 153 కిలోమీటర్ల ఎడమ కాలువ నీటిని ఉక్కు కర్మాగారం సమీపంలోని కణితి సంతులన జలాశయానికి చేరుస్తుంది. కర్మాగారంతో పాటు నగర తాగునీటికి, ఇతర పరిశ్రమలకు కూడా ఈ కాలువే జీవనాడి అయింది.

ఒక టి.ఎం.సి. అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు. ఇంతటి నీరు తెరచిన కాలువలో 153 కిలోమీటర్లు ప్రవహించేటప్పుడు కొంత ఆవిరవుతుంది, కొంత ఇంకుతుంది. కాలువ ఒడ్డు పొలాల రైతు తన పొలం పక్కనుండి వెళ్ళే నీటిని చూస్తూ వర్షం కోసం ఎదురుచూడవలసి వస్తుంది. నీటి పొదుపుకు కర్మాగారంలో కొంత ప్రయత్నం జరిగిన మాట కూడా వాస్తవం. కాల్చిన కోకు బొగ్గును నీటితో చల్లార్చడం పాత పద్ధతి. విశాఖ ఉక్కు కర్మాగారం నత్రజని వాయువుతో చల్లార్చే పొడి విధానాన్ని మన దేశంలో ముందుగా చేపట్టింది. దీనివల్ల నీరు ఆదా అవుతుంది. కోకు వేడి నుండి విద్యుత్తు కూడా లభిస్తుంది. నీటి కొరత సాంకేతిక విధానాన్ని కూడా ప్రభావితం చేయగలదని ఇది సూచిస్తుంది.

7. గోదావరి రాక

ఏలేరు కూడా వర్షాధార నదే. వానలు తగ్గిన ఏడాది జలాశయం నిండదు. అందువల్ల 2000 దశకంలో మరొక అంచె ఏర్పడింది. రాజమహేంద్రవరం సమీపంలోని కాతేరు వద్ద గోదావరి నీటిని ఎత్తిపోసి, 50 కిలోమీటర్లకు పైగా గొట్టపుమార్గంలో ఏలేరు ఎడమ కాలువకు చేర్చే ఏర్పాటు జరిగింది. విశాఖ పారిశ్రామిక నీటి సరఫరా సంస్థ ద్వారా ఈ పథకం అమలైంది. దీనితో విశాఖపట్నం గోదావరిపై ఆధారపడిన నగరాల జాబితాలో చేరింది.

పోలవరం పథకం ఈ ఆధారాన్ని మరింత పెంచనున్నది. దాని ఎడమ ప్రధాన కాలువ పొడవు 181.5 కిలోమీటర్లు. విశాఖ ప్రాంతపు తాగునీటికి, పరిశ్రమలకు ఆ పథకంలో 23.44 టి.ఎం.సి.లు కేటాయించారు. ఏడాది పొడవునా సమానంగా పంచితే ఇది రోజుకు సుమారు 180 కోట్ల లీటర్లవుతుంది. ఆ నీటి కోసం నిర్మించే జలాశయం కింద సుమారు లక్ష కుటుంబాలు స్థానభ్రంశానికి గురవుతున్నాయి. వారిలో గిరిజనులు అధికసంఖ్యలో ఉన్నారు.

ఇక్కడ ఒక భౌగోళిక వాస్తవాన్ని గుర్తించాలి. గోదావరిలో వేసవి ప్రవాహం వర్షాకాలంలో ఉన్నట్లు ఉండదు. రబీ పంటకాలంలో డెల్టా అవసరాలకు సీలేరు జలాశయాల నుండి విడుదలయ్యే నీరు ముఖ్యమైన ఆధారం. ఆ సీలేరు పైభాగమే మాచ్‌ఖండ్. అది పుట్టినది మాడుగుల కొండల్లో. కాబట్టి విశాఖ వెనుక కొండల్లో పుట్టిన నీటిలో కొంత పడమటి వాలున దిగి, విద్యుత్తునిచ్చి, శబరిలో, గోదావరిలో కలిసి, కాతేరు వద్ద యంత్రాలతో ఎత్తబడి, కాలువ వెంట విశాఖకు తిరిగి చేరుతున్నదని చెప్పవచ్చు. కొండ దిగేటప్పుడు విద్యుత్తును ఇచ్చిన నీటిని తిరిగి తెచ్చుకోవడానికి నగరం విద్యుత్తును ఖర్చుచేస్తున్నది. దూరపు నది అక్షయమైనదన్న భావన ఎంత అసంపూర్ణమో ఈ వలయం తెలుపుతుంది.

8. ఎవరి నీరు, ఎవరి లాభం

2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ ఈ పరాధీనతను మరింత స్పష్టం చేసింది. నేటి విశాఖపట్నం జిల్లా ప్రధానంగా నగర స్వభావం కలిగినది. నగరానికి నీరిచ్చే తాటిపూడి విజయనగరం జిల్లాలో, రైవాడ అనకాపల్లి జిల్లాలో, ఏలేరు కాకినాడ జిల్లాలో, కాతేరు తూర్పుగోదావరి జిల్లాలో ఉన్నాయి. మేఘాద్రిగెడ్డను మినహాయిస్తే పెద్ద వనరులన్నీ జిల్లా సరిహద్దుకు వెలుపలివే. ఒకప్పుడు ఒకే జిల్లాలోని ప్రాంతాల మధ్య సర్దుబాటుగా కనిపించినది నేడు జిల్లాల మధ్య పంపకంగా మారింది.

రైవాడ ఇందుకు ప్రత్యక్ష ఉదాహరణ. ఆ జలాశయపు నీటిని పూర్తిగా సాగుకే కేటాయించాలని ఆయకట్టు రైతులు చాలాకాలంగా కోరుతున్నారు. వారి వాదన తేలికగా కొట్టివేయదగినది కాదు. నగరానికి గోదావరి నీరు వచ్చాక కూడా శారద నీరు ఎందుకు మళ్ళాలని వారు ప్రశ్నిస్తారు. నగరం వైపు నుండి చూస్తే ఏ ఒక్క వనరు మీదా పూర్తిగా ఆధారపడలేని స్థితి ఉంది. కాలువకు గండి పడితే లేదా ఎత్తిపోత ఆగితే లక్షలాది ప్రజలకు తాగునీరే ఉండదు. ఇరువైపులా న్యాయమున్న వివాదమిది.

ఆర్థికశాస్త్ర పరిభాషలో దీనిని అవకాశ వ్యయం అంటారు. ఒక ఘనపుటడుగు నీటిని కర్మాగారానికి ఇస్తే అది పొలంలో ఇవ్వగలిగిన ఫలం కోల్పోయినట్లే. రూపాయల్లో లెక్కిస్తే పరిశ్రమలో ఆ నీటికి లభించే విలువ ఎక్కువ. అయితే ఆ విలువ ఎవరికి చేరుతుంది అన్నది వేరే ప్రశ్న. చెరుకు పొలానికి పారిన నీటి ఫలితం రైతుకు, కూలీకి, గానుగకు, బండివానికి చేరుతుంది. కాలువలో నగరానికి వెళ్ళిన నీటి ఫలితం జీతంగా, పన్నుగా, ఎగుమతి ఆదాయంగా మారి మరొకచోట తేలుతుంది. శారద లోయలో కొన్ని చక్కెర కర్మాగారాలు మూతపడటానికి ధరలు, యాజమాన్యం, పాత యంత్రాలు వంటి కారణాలు అనేకం ఉన్నాయి; నీరు ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. కాని సాగునీటి భరోసా లేనిచోట చెరుకు నిలవదన్నది కూడా అంతే నిజం.

9. ఎగువ కొండల సంరక్షణ

ఈ నదులకు హిమాలయ నదులవలె మంచు ఆధారం లేదు. వర్షాకాలపు నీటిని అడవి, నేల ఇముడ్చుకొని నెమ్మదిగా వదలడం వల్లనే వానలు ఆగాక కూడా గెడ్డలు పారుతాయి. అనంతగిరి, చింతపల్లి కొండల పైభాగంలోని బాక్సైటు పొరలు రంధ్రాలతో కూడినవి. అవి వాన నీటిని పీల్చుకొని ఊటలుగా వదలడంలో తోడ్పడతాయి. అందుకే బాక్సైటు తవ్వకాలపై గిరిజనులు వ్యక్తం చేసిన ఆందోళనలో భూమితో పాటు నీరు కూడా ఉంది. అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంతపు గనుల లీజులకు సంబంధించిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు షెడ్యూల్డు ప్రాంతాల భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు లీజుకు ఇవ్వరాదని స్పష్టం చేసింది. అది గిరిజనుల భూమి హక్కుకు సంబంధించిన తీర్పు. అయితే ఆ కొండలు గోస్తనీ పరీవాహకంలోనివి కాబట్టి, దాని ప్రయోజనం పరోక్షంగా మైదానపు కుళాయి వరకు వస్తుంది.

దిగువన మరొక నష్టం ఉంది. నదీగర్భపు ఇసుక నీటిని దాచి ఉంచుతుంది; ఒడ్డున ఉన్న ఊటబావులు ఆ నీటితోనే నిండుతాయి. ఇసుకను మితిమీరి తవ్వితే నది వేసవిలో దాచుకోగల నీరు తగ్గుతుంది. నగర పరిధిలో చెరువులు, గెడ్డలు ఆక్రమణలకు, మురుగుకు గురికావడం వల్ల దగ్గరి నీరు నిరుపయోగమవుతుంది. దగ్గర కోల్పోయిన ప్రతి నీటిబొట్టుకూ బదులుగా దూరం నుండి మరొక బొట్టు తేవలసి వస్తుంది.

10. ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని అంశాలు తేటతెల్లమవుతున్నాయి.

మొదటిది, ఒక ప్రాంత ఆర్థికాభివృద్ధిలో నదుల పాత్రను నౌకాయానంతో, సాగుతో మాత్రమే కొలవడం చాలదు. విశాఖలో నదులు సరుకును మోయలేదు. అయినా రేవుకు చోటును, పంటకు తడిని, పరిశ్రమకు శక్తిని, కొలిమికి చల్లదనాన్ని ఇచ్చాయి.

రెండవది, పెద్దనది లేకపోవడం విశాఖకు ఏకకాలంలో వరం, కొరత. రేవు ఒండ్రు బారిన పడకుండా నిలవడానికి కారణమైన పరిస్థితే నగరాన్ని దాహంలో ఉంచింది.

మూడవది, నగరం పెరిగిన ప్రతి దశలోనూ ఇంకా దూరపు నదిని ఆశ్రయించింది. ముడసర్లోవ నుండి గోస్తనీకి, శారదకు, ఏలేరుకు, గోదావరికి ఈ అంచెలు సాగాయి. ప్రతి అంచెలోనూ నీరు వదులుకున్నవారు వేరు, నీరు పొందినవారు వేరు.

నాల్గవది, ఈ క్రమం నిరవధికంగా సాగదు. గోదావరి తరువాత ఆశ్రయించడానికి మరొక పెద్దనది దగ్గరలో లేదు. కాబట్టి నగర వ్యర్థజలాన్ని శుద్ధిచేసి పరిశ్రమలకు వాడటం, గెడ్డలను తిరిగి వాగులుగా నిలపడం, కాలువ నష్టాలను తగ్గించడం, సాగుకూ నగరానికీ మధ్య పంపకాన్ని బహిరంగమైన లెక్కలతో నిర్ణయించడం, నీటికి పుట్టినిల్లయిన కొండ గ్రామాలకు ఆ నీటి ఆదాయంలో వాటా కల్పించడం అవసరమవుతాయి.

గెడ్డ అనే మాటకు నగరంలో మురుగుకాలువ అనే అర్థం స్థిరపడిపోయింది. ఆ మాటకు పాత అర్థం తిరిగి వచ్చిననాడు విశాఖ తన నీటి సమస్యలో కొంత భాగాన్నైనా తన పరిధిలోనే పరిష్కరించుకున్నట్లు భావించవచ్చు. అంతవరకు ఈ నగరపు ప్రతి టన్ను ఉక్కులోనూ శారద, ఏలేరు, గోదావరి లోయల ప్రజలు వదులుకున్న నీరు ఉన్నదన్న వాస్తవాన్ని అభివృద్ధి లెక్కల్లో నమోదు చేయవలసి ఉంది.